మా పెద్ద బావ ఖాట్మండు ఎందుకు వెళ్లారంటే

మా పెద్ద బావ పోయిన నెల ఇక్కడ గల్ఫ్‌లో, జుఫైర్‌లో, హోటల్ డ్యూటీలో ఉండగానే చనిపోయారు. ఎండలో బండి మీది బీరు పీపాలు దించి లోపల పెడుతూ, కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నవారు మళ్లీ లేవలేదట. గుండె ఆగిందని ఆసుపత్రిలో చెప్పారు. ఈ శుక్రవారం సంతాప సభలో చదవడానికి తెలిసినవాళ్లు తలా కొంచెం రాసి పంపమన్నారు. నేను చదివింది ఏడో తరగతి వరకే. కలం పట్టి చాలా ఏళ్లయింది. అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి, సర్దుకుని చదవండి. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు.

బావ అంటే మా ఆయన అన్న. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావ ముందు కూర్చోదు, ఎదురుగా నిలబడి మాట్లాడదు. ఇక్కడే నయీమ్ పేటలో మాది ఒక్కటే గది. వంట మూలకు అడ్డంగా పరదా కట్టుకున్నాం. బావ ఆదివారం సెలవు రోజు భోజనానికి వచ్చేవారు. ఆయన పరదాకు అటు, నేను ఇటు. ఉప్పు కావాలంటే "తమ్మీ, ఉప్పు ఏడున్నదో అడుగురా" అనేవారు. నేను పరదా కింద నుంచి జరిపేదాన్ని. ఇన్నేళ్లలో మా మధ్య నేరుగా ఒక్క మాట లేదు. కానీ మంచి సంగతి ఏదైనా చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం పెంచేవారు. మా ఆయన పక్కనే కూర్చుని ఉంటే గొంతు పెంచడం ఎందుకో నాకు తెలుసు. కుక్కర్ కూత వేస్తే ఆగి, కూత అయిపోయాక మళ్లీ మొదలుపెట్టేవారు.

బావ ఆ హోటల్ బార్లో చాలా ఏళ్లు పనిచేశారు. మా మామ చెట్టెక్కి కల్లు గీసేవారు, అందుకే పులిసే వాటి మీద బావకు చిన్నప్పటి నుంచి మనసు. ఇక్కడికొచ్చాక సీసా మూతలు తీయడమే పని. "రోజూ ఎందరికో పోస్త తమ్మీ, చేసేటోని మొఖం ఒక్కసారి సూడలె" అనేవారు. బార్లో ఆయనతో పనిచేసే నేపాల్ భాయ్‌ది ఖాట్మండు. అక్కడ చిన్న చిన్న షెడ్లలో సొంతంగా బీరు కాచేవాళ్లు చాలామంది ఉన్నారని అతను చెబితే, కిందటి సెలవులో ఇంటికి పోయే దారిలో బావ అక్కడ వారం దిగారు.

ఆ వారం సంగతులు మాకు ఎన్నో ఆదివారాలు వచ్చాయి. ఇరుకు మెట్లెక్కి పైకి పోతే మిద్దె మీద స్టీలు డ్రమ్ములు, జొన్నలు వేయించినట్టు వాసన. రబ్బరు బూట్లేసుకున్న ఒకామె తానే కాచి, రంధ్రాలున్న చెక్కపలకలో నాలుగు బుడ్డి గ్లాసులు పెట్టి ఇచ్చిందట. ఒకదాంట్లో బత్తాయి తొక్క వాసన. ఇంకో వీధిలో ముసలమ్మ తైదలు, అదే రాగులు, పులియబెట్టి, చెక్క గిన్నెలో వేడినీళ్లు పోసి, వెదురు గొట్టంతో పీల్చుకొమ్మందట. పిప్పంతా బర్రెలకు పెడతారని చెప్పి, "ఆ ఊళ్లె బర్రెలకు సుత దినాం దసరానే" అని బావ నవ్వారు. పరదా వెనక నేనూ నవ్వాను, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. ఎవరు ఇచ్చినా ఒక్క గుక్క నోట్లో పట్టి, కళ్లు మూసుకుని, మిగతాది పక్కన పెట్టేవారట. "తాగుడు వేరు, రుచి సూసుడు వేరు. తాగినోనికి రుచి ఏం తెలుస్తది" అనేవారు.

ఈ సంగతే మా ఊరివాళ్లుండే మామీర్ లేబర్ క్యాంపులో వేరేగా తిరిగింది. పెళ్లాం పిల్లను చూడకుండా తాగడానికి నేపాల్ పోయాడని. మొదలుపెట్టింది మా మండలం మేస్త్రి. మేస్త్రి అన్నా, సభలో మీరూ ఉంటారు, వినండి. బావ కనిపించిన ప్రతిసారీ "ఏందన్నా, రెండు డబ్బాలు చంకల వెట్టుకొని రాకపోయినవ్?" అని అడిగింది మీరు. బావ ఎప్పుడూ తేలేదు. డబ్బా బీరు ఆయన నోట పెట్టేవారు కాదు, ఏడ తాగినా నల్లా నీళ్ల లెక్క ఒక్కతీరే ఉంటదని. చనిపోయిన రోజు తాగి పోయిండని ఊరికి ఫోన్ చేసిందీ మీరే.

ఆ మాట అందరికీ సుఖంగా ఉంది. గ్లాసులు అందించే మనిషితో మిట్టమధ్యాహ్నం పీపాలు ఎందుకు మోయించారని హోటల్‌ను ఎవరూ అడగక్కర్లేదు. చదువుకున్నవాళ్లు, ఆఫీసుల్లో ఉన్నవాళ్లు వచ్చి మా గదిలో కూర్చుని, ఏం చేస్తాం, అలవాటు మనిషిని తినేస్తుంది అని తల ఊపి పోయారు. వాళ్లకు టీ ఇచ్చింది నేనే.

మా ఆయన శవంతో పాటు ఊరికి వెళ్లారు. అక్కడ మూడోనాడు పిట్టకు పెడుతుంటే, ఇక్కడ మా మిద్దె మీద కూడా పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టి, పిట్ట ముట్టేదాకా ఎదురుచూస్తారు. అన్నం, మాంసం నేను వండాను. మేస్త్రి సంచిలోంచి రెండు బీరు డబ్బాలు తీసి విస్తరి పక్కన పెట్టారు. అక్క, అంటే బావ భార్య, అప్పుడు ఊళ్లోంచి వీడియో కాల్‌లో ఉంది. ఆ డబ్బాలు చూసింది. అన్నకు ఇష్టమైంది పెట్టకపోతే పిట్ట ముట్టదని మేస్త్రి ఆమెకు నచ్చజెప్పబోయారు. ఆమె వినలేదు, ఫోన్ నాకివ్వమంది. నేను మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాను.

"నిజం చెప్పు చెల్లె. పిల్లను బళ్లె గూడ అంటున్నరు. తాగి పోయిండా?"

మగవాళ్లంతా నా వైపే చూస్తున్నారు.

"తాగిండక్కా. రుచి సూసెతందుకు గుక్కెడు గుక్కెడు తాగిండు. తాగి పోలె, బరువు మోసుకుంట పోయిండు. ఇన్ని ఆదివారాలు నా చేతి కూడు తిన్నడు, ఒక్కనాడు మాట తడబడలె. ఈ డబ్బాలు ఆయన తాగేటియి గావు. వీళ్లు తాగేటియి."

మేస్త్రి డబ్బాలు తీసి మళ్లీ సంచిలో వేసుకున్నారు. పారబోయలేదు, అదీ చెప్పాలి. కొంచెంసేపటికి కాకి వచ్చింది. డబ్బాలు తీసినందుకే వచ్చిందని నేను అనను, మాంసం వాసనకు వచ్చి ఉంటుంది. అక్క మాత్రం ఫోన్ పెట్టలేదు. మరి ఆ కొండల ఊరికి ఎందుకు పోయిండు, నాకైతే పని మీద అన్నడు, అని అడిగింది. చేసేవాళ్ల మొఖం చూడటానికని చెప్పాను. రేపు మళ్లా ఫోన్ చెయ్యి అంది.

ఇంక ఆపుతాను. సభలో చదివాక ఈ కాగితం కాల్చేయండి. ఉంచితే ఎవరో ఫోటో తీసి గ్రూపుల్లో పెడతారు, నాకు సిగ్గు. అక్కకు రోజూ ఒక సంగతి చెబుతున్నాను. నిన్న, ఆ ఊళ్లో ఒక నల్లటి బీరు మాడిన బెల్లంలా ఉందని బావ చెప్పిన మాట చెప్పాను. అక్క ఫోన్‌ను గోడకు ఆనించి లేచి పోయింది. గంటె కదిలిన చప్పుడు, పొయ్యి చప్పుడు వినపడ్డాయి. తిరిగొచ్చి కూతుర్ని దగ్గరకు లాక్కుని, వేలికి అంటిన నల్లటి బెల్లం పాకం ముందు పిల్ల నాలుక మీద, తర్వాత తన నాలుక మీద రాసుకుంది. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.