ఆరు గంటల పళ్ళెం

సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు నా భార్య వంటింటి మెట్టు మీద నిలబడి, రేకు పళ్ళెం మీద గరిటె కాడతో మూడు దెబ్బలు కొట్టింది. మాఘమాసం. పెరట్లో ఇంకా వెలుగుంది. ఆ చప్పుడుకు కుక్క మంచం కిందికి దూరి, గోడ మూలకు నక్కి వణికింది. ఆమె పళ్ళెంలో గంజి కలిపిన అన్నం పెట్టి, మెట్టు మీద వదిలి లోపలికి వచ్చేసింది. మర్నాడు మళ్ళీ ఆరు గంటలకు అదే పని చేసింది.

ఇది 1920ల నాటి మాట. అప్పుడు నేను అరకులోయలో ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరును. డాక్టరు నెలకోసారి క్యాంపుకు వచ్చేవాడు. మిగతా రోజుల్లో మందు కలిపేదీ, కట్టు కట్టేదీ నేనే. ఇల్లు ఆసుపత్రి వెనకే. మాకు పిల్లలు లేరు. మందుల వేళల కోసం నేను కొనుక్కున్న బల్ల గడియారం ఒకటి ఇంట్లో ఉండేది. ఆ చుట్టుపక్కల ఇంకో గడియారం నేను చూడలేదు.

నా భార్య పుస్తకాలు చదివేది కాని గడియారం చూడడం ఆమెకు రాదు. నేర్పుతానంటే, ఎందుకండీ అనేది. ఆమెకు తెలిసిన వేళ ఒక్కటే. పెద్ద ముల్లు పైకీ చిన్న ముల్లు కిందికీ నిలిచి ఒకే గీత అయితే ఆరు. "ముళ్ళు నిలబడ్డాయండీ" అని చెప్పేది. కుక్కకు ఆరు గంటల వేళ అలా వచ్చింది. వేరే కారణం లేదు.

ఆ కుక్కను విశాఖపట్నం నుంచి తెచ్చాం. ఆమెకు జ్వరం వస్తూ పోతూ ఉంటే పెద్ద ఆసుపత్రిలో చూపించడానికి వెళ్ళాం. తిరుగుదారిలో ఒక పశువుల ధర్మశాల దగ్గర మంచినీళ్ళ కోసం ఆగాం. పనికి రాని ఎడ్లనూ కుంటి గుర్రాలనూ చావనివ్వకుండా మేపడానికి కొందరు వర్తకులు దాన్ని నడిపేవారు. ఒక పక్క తడికెల వెనక కుక్కలుండేవి. అన్నిటి కన్నా వెనక, పిల్లి కన్నా కాస్త పెద్దదైన ఎర్ర కుక్క ఒకటి గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. దాని వీపు మీద అరచేయంత మేర వెంట్రుకలు లేవు. పూటకూళ్ళ ఇంటి వెనక చేరితే ఎవరో మరిగే నీళ్ళు పోశారని అక్కడి కాపలావాడు చెప్పాడు. గిన్నె మోగితే చాలు, నిలబడ్డచోటే ఉచ్చ పోసుకుంటుందట.

మేము ఉండే చోటు చెప్పగానే అతను నవ్వాడు.

"మన్యానికేటమ్మా ఈ కుక్కగుంటని? అక్కడి సిరతపులికి ఒక్క ముద్దకి సరిపోదు."

"సరిపోనప్పుడు దాని జోలికి ఎందుకొస్తుందిలే" అంది నా భార్య.

శృంగవరపుకోట నుంచి రెండెడ్ల బండిలో ఘాటు ఎక్కాం. కుక్కను గంపలో పెట్టాం. సగం కొండ ఎక్కేసరికి గంప ఖాళీ. కుక్క ఆమె ఒళ్ళో ఉంది.

ఇంట్లో గిన్నెలు మోగకుండా సంసారం చెయ్యడం ఎవరి వల్లా కాదు. కుక్కను చప్పుళ్ళ నుంచి దాచడం కన్నా ఒక్క చప్పుడు అలవాటు చెయ్యడం మేలని ఆమె అనుకుంది. రోజూ అదే మెట్టు, అదే పళ్ళెం, అవే మూడు దెబ్బలు, అదే వేళ. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం కూడా మారనిచ్చేది కాదు. ఒక రోజు నేను కొడతానంటే వద్దంది. పదో రోజున మంచం కింద నుంచి ముక్కు బయటికి వచ్చింది. ఇరవై రెండో రోజున మూడో దెబ్బ పడే లోపలే కుక్క మెట్టు దగ్గర నిలబడి ఉంది. వేసవి వచ్చేసరికి ఆసుపత్రి ముందు ఎక్కడ పడుకున్నా పెరడు చుట్టి పరుగెత్తుకుని వచ్చేది.

గెడ్డ అనే కొండవాగు అవతలి ఊరి నుంచి ఒక కొండ ముసలమ్మ వచ్చి ఆసుపత్రి ఊడ్చి, నీళ్ళు మోసేది. పళ్ళెం మోగినప్పుడల్లా ఆమెకు నవ్వే. "గుంటని బడికి పంపినట్టే ఉన్నాదమ్మా, గంట కొట్టి" అనేది. నా భార్య కూడా నవ్వేది. ఆ ఆరేడు నెలలూ ఆమెకు జ్వరం తక్కువగా ఉంది.

వానలు వెనకబట్టాక జ్వరం మళ్ళీ వచ్చింది. ఆశ్వయుజంలో ఏడు రోజులు మంచం మీద ఉంది. నేను గడియారం చూసి జ్వరానికి కొయినా మందు ఇచ్చాను. ఒక్క వేళ కూడా తప్పలేదు. డాక్టరు కోసం మనిషిని పంపాను. ఘాటు రోడ్డు తెగి అతను ఆలస్యంగా వచ్చాడు. ఆరో రోజు సాయంత్రం ఆమె కళ్ళు తెరిచి, ముళ్ళు నిలబడ్డాయా అని అడిగింది. నిలబడ్డాయి. నేను వెళ్ళి పళ్ళెం మీద మూడు దెబ్బలు కొట్టాను. కుక్క వచ్చింది. ఆమె పడుకున్నచోటు నుంచే వింది. మర్నాడు తెల్లవారుజామున పోయింది.

తర్వాత ఉత్తరాలు వచ్చాయి. ఒక బంధువు ఆమెను ఆరిపోయిన దీపమన్నాడు. ఇంకొకరు రాలిన పువ్వన్నారు. నేను చాలా పుస్తకాలు చదివాను. ఆ మాటలు ఎక్కడ నుంచి వచ్చాయో నాకు తెలుసు. ఆమె వంట చేసేటప్పుడు పైట చెంగు నడుముకు దోపుకునేది. ఉప్పు ఎప్పుడూ కొంచెం తక్కువ వేసేది. గడియారంలో ఆరు ఒక్కటే చూడగలిగేది. ఉత్తరాలకు జవాబులు రాయలేదు.

పళ్ళెం కొట్టడం మాత్రం మానలేదు. ఆమె చేసిన పనుల్లో నాకు చేతనైంది అదొక్కటి. అదే మెట్టు మీద నిలబడి, అంతే ఎడంతో మూడు దెబ్బలు కొట్టేవాణ్ణి. కుక్క వచ్చి తింటుంటే పక్కన కూర్చునేవాణ్ణి. రోజు మొత్తంలో నేను తల ఎత్తి ఉన్న సమయం అదే.

అయితే మాఘంలో ఆరు గంటలకు వెలుగుంటుంది. మార్గశిరంలో ఆ లోయలో ఐదున్నరకే పొద్దు కొండ వెనక్కి పోతుంది. ఆరు అంటే చీకటే. కొండ ఊళ్ళలో ఆవులు ఇల్లు చేరక ముందే కుక్కల్ని మేకలతో పాటు లోపల పెట్టేస్తారు. తిండి కూడా లోపలే, పిలుపూ చప్పుడూ లేకుండా పెడతారు. ఇవాళ పెందలాడే, రేపు ఆలస్యంగా. వేళంటూ ఉండదు. ఇది నేను రోజూ చూస్తున్నదే. అది వాళ్ళ పద్ధతి అనుకున్నాను. ఎందుకని అడగలేదు.

ఒక సాయంత్రం ముసలమ్మ ఇంటికి వెళ్ళబోతూ పెరట్లో ఆగింది.

"సీకటడిపోనాది గదా బాబూ, ఇప్పుడేటి ఆ గంట? పొద్దుండగా కూడెట్టి గుంటని లోపలెట్టీ."

ఇంకా ఆరు గంటలే కదా అన్నాను.

"సీకటడ్డాదని నీ ఆరుకేటి తెలుసు బాబూ?"

ఆమె చెప్పింది నాకు అర్థమైంది. వేళను ఒక గంట ముందుకు జరిపితే కుక్కకు వచ్చే నష్టమేమీ లేదని కూడా తెలుసు. కాని ఐదు గంటలకు ముళ్ళు నిలబడవు. ఐదుకు కొడితే అది నా భార్య కొట్టిన పళ్ళెం కాదు. ఈ మాట ముసలమ్మతో అనలేక, చూద్దాంలే అవ్వా అన్నాను. ఆమె మరి రెండు సార్లు చెప్పింది. తర్వాత చెప్పడం మానేసింది.

పుష్యమాసంలో మంచు దట్టంగా దిగిన ఒక సాయంత్రం, లాంతరు మెట్టు మీద పెట్టి మూడు దెబ్బలు కొట్టాను. ఆసుపత్రి వైపు నుంచి కుక్క పరుగు వినిపించింది. పెరటి మలుపు దగ్గర ఆ పరుగు ఆగిపోయింది. చిన్న అరుపు ఒకటి, ఆ తర్వాత ఈడ్చిన చప్పుడు. నా చేతిలో పళ్ళెమూ గరిటే తప్ప ఏమీ లేవు. అరుస్తూ, పళ్ళేన్ని ఇష్టం వచ్చినట్టు బాదుకుంటూ ఆ వైపు పరుగెత్తాను. చిరుత పెరటి కంచె కంపల మీది నుంచి దాటి పోయింది. నేను చూసింది దాని వెనక భాగమే. కుక్కను కంపల దగ్గరే వదిలేసింది. నేను దాని మీదికి వంగి కూడా ఇంకా పళ్ళెం కొడుతూనే ఉన్నాను. అది ముసలమ్మ తర్వాత చెప్పింది. ఆమె గెడ్డ దాటుతూ విని, వెనక్కి పరుగెత్తుకొచ్చి, నా చేతిలో నుంచి గరిటె లాక్కుంది.

మెడ మీద నాలుగు కోరల గాట్లు. లోపల బల్ల మీద పడుకోబెట్టి కార్బాలిక్ నీళ్ళతో కడిగి కుట్లు వేశాను. ముసలమ్మ తల పట్టుకుని తన భాషలో దానికి ఏదో చెబుతూనే ఉంది. పని అయ్యాక చేతులు కడుక్కుని, గోడ బల్ల మీది గడియారం వైపు చూసింది.

"గడియారం నీకొక్కడికే ఉన్నాదనుకున్నావేటి బాబూ? రోజూ ఒకే యేళకి కొడితే ఆ పులికీ తెలిసిపోతాది."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

కుక్క బతికింది. మెడ ఒక పక్కకు బిగుసుకుపోయింది కాని పదిహేను రోజుల్లో లేచి తిరిగింది. నెల తర్వాత ఒక మధ్యాహ్నం, నాలుగు గంటలకు, మంచి ఎండలో, వాకిలి తలుపులన్నీ వేసి, పళ్ళెం మీద గరిటెతో మెల్లగా ఒక్క దెబ్బ కొట్టాను. అది మంచం కిందికి దూరింది. మొదటి రోజున నక్కిన మూలకే వెళ్ళి, గోడ వైపు తిరిగి, ఉచ్చ పోసుకుంది. నేను నేల మీద పడుకుని చెయ్యి చాపాను. రాలేదు. రెండు రోజులు ఏమీ తినలేదు.

ఆమె ఇరవై రెండు రోజులు కష్టపడి చేసింది నేను ఒక్క సాయంత్రంలో చెరిపేశాను. చిరుత కాదు. చిరుత మెడ పట్టుకుందంతే.

మూడో రోజున ముసలమ్మ చోడి అంబలి, అంటే రాగి జావ, ఒక ఆకు దొప్పలో తెచ్చి, చప్పుడు కాకుండా మంచం కిందికి జరిపింది. నన్ను అవతలికి రమ్మని చేత్తో సైగ చేసింది. వసారాలోకి వచ్చాక, "పిలవకు బాబూ. కూడెట్టి ఊరుకో. అదే వత్తాది" అంది. కొంతసేపటికి దొప్ప నాకుతున్న చప్పుడు వినిపించింది.

తర్వాత అది ఐదేళ్ళు బతికి, ముసలిదై, ఒక వేసవిలో నిద్రలోనే పోయింది. ఆ ఐదేళ్ళూ దాని తిండి ఆకు దొప్పలోనే. ఒక రోజు మూడింటికి, ఒక రోజు నాలుగున్నరకు, పొద్దుండగానే, ఇంటి లోపల. పెట్టి నేను పక్క గదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆరు కాబోతుంటే మాత్రం కుక్క గడప దగ్గరికి వచ్చి మెట్టు వైపు చూసేది. భయపడేది కాదు, తోక ఆడించేది కాదు, చూసేది. మొదటి ఏడాదంతా చూసింది. తర్వాత అదీ మానేసింది.

పళ్ళెం అటక మీద ఉంది. కంపల్లో పడి అంచు ఒక చోట నొక్కుకుపోయింది. గడియారానికి ఇప్పటికీ రోజూ కీ ఇస్తాను. ఆరు గంటలకు మా ఇంట్లో పళ్ళెం కొట్టడం లేదు.