గేటు బయటి నీళ్ళకుండ

మంగళవారం పొద్దున ఆరున్నరకు ఉరవకొండలో వేరుశనగ మిల్లాయన చనిపోయారు. మిల్లు ఆయన కన్నా ఆరేళ్ళ ముందే ఆగిపోయింది.

మా విలేకరుల గది ఆ మిల్లుకు ఎదురుగా ఉండేది. గేటు బయట గోడవారగా ఒక నీళ్ళకుండ. గింజలేరే ముప్పైమంది ఆడవాళ్ళు దాహమైతే అక్కడికే రావాలి. తాగి, చేతులు కొంగుకు తుడుచుకొని లోపలికి పోవాలి. మిల్లాయన లోపలికి చెంబెడు నీళ్ళు కూడా రానిచ్చేవారు కాదు. మిగతా మిల్లుల్లో కాయను తడిపి ఆడించేవాళ్ళు. తడిపితే గింజ పగలదు, తూకం కూడా పెరుగుతుంది. ఆ తడికి బూజు పడుతుంది, బూజులో విషం పుడుతుంది. ఈయన పొడికాయే ఆడించేవారు. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపి, గలగలను బట్టి ఎండిందో లేదో చెప్పేవారు.

"వానల్లేవని అందరూ ఏడుస్తారు గానీ, మనం అమ్మేది ఎండేనప్పా," అనేవారు.

తొంభైల చివర బయటి దేశాల పామాయిలు చౌకగా దిగింది. వేరుశనగ నూనె కొనేవాళ్ళు తగ్గారు. చుట్టుపక్కల మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈయనకు మిగిలిన దారి ఒకటే, తినే గింజలను విదేశాలకు పంపడం. అప్పుడే ఒక విదేశీ కంపెనీ వచ్చింది. పొడికాయ ఆడించే మిల్లని విని, వాటా తీసుకుంటాం, కొత్త యంత్రాలు పెడతాం అంది. ముందు ఒక లారీ సరుకు పంపమంది. అది పరీక్షలో నిలిస్తే మిల్లు నిలుస్తుంది, ముప్పైమందికీ పని ఉంటుంది.

కంపెనీవాళ్ళు చూడ్డానికి వస్తున్నారనగానే పరిశ్రమల శాఖ ఆఫీసర్లకు మెలకువ వచ్చింది. కరెంటు కోతల మీద మిల్లాయన పెట్టుకున్న అర్జీలు ఏనాడూ చదవని ఆఫీసరు, పూలదండలు తానే ఎంచాడు. ముందురోజు సాయంత్రం గేటు ముందు ట్యాంకరు ఆగింది. పక్క వీధి ఆడవాళ్ళు బిందెలు వరసపెట్టి వారంగా ఎదురుచూస్తున్న ట్యాంకరే అది.

"దుమ్ము లేస్తోంది. దొరలు వచ్చేలోగా కళ్లం తడపాలి," అన్నాడు ఆఫీసరు.

"ఈడికి నీళ్ళు తేగూడదు సార్. కాయ కుప్ప ఉండాది."

"ఏమయ్యా, కోట్లు వస్తుంటే చెంబెడు నీళ్ళకు ఏడుస్తావా?"

ఏరే ఆడవాళ్ళకు పెద్దగా ఉండే అవ్వ ఊరుకోలేదు. "దొరలకు దుమ్ము పడదా సారూ? మేము ఇన్నేండ్లుగా తింటాండాము గదా, సావలేదే!"

ఆడవాళ్ళు నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. మిల్లాయన గేటు తీశారు.

నీళ్ళు పారి కుప్ప అడుగుకు చేరాయి. మరునాడు వచ్చినవాళ్ళు పావుగంట ఉండి, ఫొటోలు దిగి, కాఫీ తాగి వెళ్ళారు. దుమ్ము లేవలేదు. ఆఫీసరు సాధించింది అదొక్కటే.

మూడోరోజు లారీ వచ్చింది, వెంటే ఆఫీసరూ వచ్చాడు. మిల్లాయన కుప్ప అడుగు నుంచి కాయలు తీసి చెవి దగ్గర ఊపారు.

"పలకల్యాదు సార్. వారం ఎండనీండి."

"తేదీ పైవాళ్ళకు చెప్పేశాను. ఈరోజే పోవాలి."

ఆ కాయనే ఆడించి గింజలు ఎక్కించారు. లారీ టార్పాలిను కప్పుకొని మద్రాసు రేవుకు పోయింది. ఓడ దిగినచోట సరుకు పరీక్షలో తప్పింది. బూజు విషం. రానూ పోనూ ఓడ కిరాయి, లారీ బాడుగ, పరీక్ష ఫీజు మిల్లాయన నెత్తిన పడ్డాయి. కంపెనీ తన యంత్రాలను రేవు పక్కనే పెట్టుకుంది.

ఆఫీసరు పంపిన నివేదికలో ట్యాంకరు లేదు. రేవుకు దూరం ఎక్కువ, రవాణా ఖర్చు భరించలేనిది, అందుకే పెట్టుబడి రాలేదు అని ఉంది. దూరం నిజమే. మంచి సరుకైతే దాని లాభంలో ఆ దూరం సర్దుకునేది. తిరిగొచ్చిన సరుకుకు సర్దుకోదు. ట్యాంకరును కళ్ళారా చూసిన నేను, నివేదికలోని ముక్కనే వార్తగా రాశాను. అంతకన్నా నీచమైన వార్త నా ఉద్యోగంలో మరొకటి రాయలేదు.

మరునాడు మిల్లాయన పేపరు పట్టుకొని మా గదికి వచ్చారు.

"ఏమప్పా పేపరాయనా, మద్రాసు ఈ నెల్లో ఏమన్నా ఇంకొంచెం దూరం జరిగినాదా?"

నేను కుర్చీ ఆయన వైపు జరిపాను. ఆయన కూర్చోలేదు.

"పోయేదానికి బాడుగ దూరానిది. వచ్చేదానికి బాడుగ మనోళ్ళ తెలివిది. ఆ రెండోది యాడన్నా రాసినావేమోనని చూసినా. యాడా ల్యాదు."

సవరణ వేస్తాను, ఆఫీసరు పేరుతో సహా రాస్తాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ట్యాంకరు ఆయప్పది. గేటు తీసింది నేను."

ఆ ఆఫీసరుకు తర్వాత ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు విదేశీ పెట్టుబడులను ఎలా రప్పించాలో కొత్తవాళ్ళకు పాఠాలు చెబుతున్నాడు. సరుకు తిరిగొచ్చిన మరుసటి పంటకు మిల్లు ఆగింది. ఏరే ఆడవాళ్ళు చాలామంది బెంగళూరులో ఇటుకలు మోయడానికి పోయారు. మిల్లాయన మాత్రం రోజూ పొద్దున వచ్చి కుండ నింపేవారు. దారిన పోయేవాళ్ళు తాగేవాళ్ళు.

మంగళవారం ఆయన్ని మిల్లు షెడ్డులోనే పడుకోబెట్టారు. స్నానానికి బంధువులు బిందెలెత్తుకొని గేటు దాటబోతే అవ్వ అడ్డం నిలబడింది.

"నీళ్ళు లోపలికి పోవు. ఆయన్నే బయటికి తీసకరాండి."

బంధువులు బిందెలు దించి, ఆయన్ని బయటికి మోసుకొచ్చారు. కుండ పక్కనే స్నానం చేయించారు.

వచ్చే శుక్రవారం అనంతపురంలో మరో విదేశీ బృందానికి స్వాగతం. మైదానం తడపడానికి పొద్దున ఎనిమిదింటికి బుక్కరాయసముద్రం నుంచి రెండు ట్యాంకర్లు బయల్దేరతాయి. అదే రోజు మధ్యాహ్నం మిల్లాయన దినం. భోజనాలు మిల్లు షెడ్డులో. చేతులు కడుక్కునే డ్రమ్ము గేటు బయట పెడతారు. దాని పక్కనే కూర్చుంటానని అవ్వ చెప్పింది.