తాలింపు వాసనా, తొంభై ఎనిమిదీ

2021 జనవరి మొదటి వారంలో నన్ను డబ్లిన్ బయటి ఒక ఆసుపత్రి వార్డు నుంచి తప్పించి, అదే ఆసుపత్రిలో ఉద్యోగుల ఆరోగ్య విభాగానికి పంపారు. అప్పటికి నేను క్లినికల్ నర్స్ మేనేజర్‌ని. అంటే వార్డులో మంచాలు తక్కువై మనుషులు ఎక్కువైనప్పుడు అందరిచేతా మాట పడే హోదా. రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉంది. నా బీపీ చూసి, కొవిడ్ వార్డులో నన్ను ఉంచితే ఒక నర్సు తగ్గి ఒక రోగి పెరుగుతాడని పైవాళ్లు లెక్క వేశారు. ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

కొత్త ఉద్యోగం ఫోన్లు చేయడం. పాజిటివ్ వచ్చిన నర్సులు, రోగులకి స్నానం, తిండి చూసే కేరర్లు పది రోజులు విడిగా ఉండాలి. రెండు కుటుంబాలు ఒకే ఇంటి అద్దె పంచుకుంటున్న చోట విడిగా ఉండటమంటే బాత్‌రూములో కాపురం పెట్టడమే. అందుకని మెయ్‌నూత్ దాటాక, కిల్డేర్ మైదానంలో ఒక క్యారవాన్ పార్కుని ఆసుపత్రి మాట్లాడింది. క్యారవాన్ అంటే మనవాళ్లకి సినిమా తారలు విశ్రాంతి తీసుకునే ఏసీ బండి గుర్తొస్తుంది. ఇవి అలాంటివి కావు. వేసవిలో సెలవులకి వచ్చిన కుటుంబాలు పిల్లల్ని ఆరుబయట వదిలేసి పడుకునే చక్రాల గదులు. చుట్టూ గడ్డి, గొర్రెలు, గాలి. గాలిని ఆపే చెట్టు ఒక్కటీ లేదు.

పన్నెండు బండ్లు, పన్నెండు మంది మావాళ్లు. యజమాని పేరు డెక్లన్. అరవై ఎనిమిదేళ్లు, గుండెకి రెండు స్టెంట్లు. మధ్యాహ్నం భోజనం పెట్టె మెట్ల మీద పెట్టి, తలుపు కొట్టి, దూరం జరగడం ఆయన వంతు. ఎవరెలా ఉన్నారని అడిగితే అందరూ గ్రాండ్ అనేవాడు, అక్కడివాళ్ల భాషలో బాగున్నారని. ఆయన గొర్రెలూ గ్రాండే.

నా దగ్గర ఒక ఫారం ఉండేది. పొద్దున తొమ్మిదికీ, సాయంత్రం నాలుగుకీ ఫోన్ చేసి జ్వరం, ఆయాసం, తలనొప్పి, వాంతులు, ఆక్సిజన్ అంకె నింపాలి. వేలికి తగిలించుకునే చిన్న క్లిప్పు ఆ అంకె చూపిస్తుంది. తొంభై నాలుగు కన్నా తగ్గితే డాక్టరుకి చెప్పాలి. ఇంకా తగ్గితే అంబులెన్సు. ఆ నెలలో నా నిద్ర మొత్తం ఆ అంకెల మీదే ఆధారపడి ఉండేది. నాలుగు గంటలవుతుంటే ముందు నా బీపీ చూసుకునేవాణ్ణి. ఫారంలో దానికి గడి లేదు.

ఏడో నంబరు బండిలో ప్రసన్న. ఒంగోలు వైపు అమ్మాయి, మా వార్డు నర్సు. మగ నర్సుని కాబట్టి మన ఆసుపత్రుల అలవాటు ప్రకారం నన్ను బ్రదర్ అనేది. డబ్లిన్ శివారు టాలట్‌లో ఇల్లు, భర్త, ఉబ్బసం ఉన్న ఆరేళ్ల కూతురు. ఆ పాప కోసమే ఇక్కడికి వచ్చింది. మొదటి రోజు నుంచీ ఆమె అంకె తొంభై ఎనిమిది. మిగతావాళ్ల అంకెలు తొంభై మూడుకీ తొంభై ఐదుకీ మధ్య ఊగుతుంటే, ఆమెకి ఫోన్ చేయడం నాకు టీ తాగినంత హాయిగా ఉండేది. తలనొప్పి, కడుపులో వికారం మాత్రం రోజురోజుకీ పెరిగాయి. కొవిడ్‌లో రెండూ మామూలే. మూడో రోజు, పెట్టె కోసం మెట్ల మీదకి వెళ్లి కాసేపు నిలబడితే తలనొప్పి తగ్గుతోందని చెప్పింది. చల్లగాలి మంచిదేనన్నాను. ఫారం పక్కన ఖాళీలో ఆ ముక్క రాసుకున్నాను కూడా.

ఐదో రోజు సాయంత్రం ఆమె తొంభై ఎనిమిది అని రెండుసార్లు చెప్పింది. తర్వాత ఇది పొద్దుటి ఫోనా, సాయంత్రం ఫోనా అని అడిగింది. అంకె బాగుంది, మనిషి బాగాలేదు. ఏం చేయాలో తోచక, ఫోన్ పెట్టేయడానికి భయమేసి, ఏం తిన్నావని అడిగాను.

“పప్పుచారు కాచుకున్నా బ్రదర్. నోటికేం తెలవట్లా. తాలింపు చిటపట వింటే తిన్నట్టుంటదని.”

పక్క బండి వాళ్లకి వాసన తెలియని జబ్బు ఈ దెబ్బతో నయమై ఉంటుందన్నాను.

“వాసన పోనిస్తానా బ్రదర్. కింద బెజ్జాలు, పైన కప్పులో కిటికీ, అన్నీ మూసేశా. నాకు వాసన తెలవదుగా, ఎంత బయటికి పోతందో ఏం తెలుసుద్ది? పాత ఓనరమ్మ ఈ వాసనకే లీజు పొడిగించలా.”

“దేంతో మూశావు?”

“పాత నైటీ చింపి కుక్కినా. వచ్చిన రోజే.”

“హీటరు?”

“అది ఆపితే చచ్చిపోతాను కదా బ్రదర్.”

కరెంటు హీటర్లు వేస్తే ఫ్యూజులు పోతున్నాయని డెక్లన్ బండికొకటి చక్రాల గ్యాస్ హీటరు ఇచ్చాడు. సరేనన్నది నేనే. క్యారవాన్ నేలలో బెజ్జాలు కావాలని పెడతారు. మంటకి గాలి అందాలి. అందకపోతే గ్యాసు సగమే కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, ముక్కు బాగా పనిచేసేవాళ్లకీ తెలియదు. అది రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. వేలి క్లిప్పు చూసేది రక్తం ఎరుపునే కాబట్టి దాన్ని కూడా ఆక్సిజన్ కిందే లెక్కేస్తుంది. ఈ పాఠాన్ని నేను నర్సింగ్ విద్యార్థులకి బొమ్మలు గీసి మరీ చెప్పాను. ఐదు రోజులుగా నాకు ధైర్యం ఇస్తున్న అంకె, ఈ ఒక్క జబ్బులో దేనికీ పనికిరాని అంకె.

హీటరు జోలికి పోకుండా, తలుపు తీసి గడ్డి మీద కూర్చోమన్నాను.

“బండి దిగొద్దని మీరే కాగితం ఇచ్చారు బ్రదర్. పోలీసులు చూస్తే?”

“కాగితం చించెయ్. లే.”

“లేస్తన్నా. కాళ్లు రావట్లా.”

ఫోను ఎక్కడో పడింది. ఆ తర్వాత వినిపించింది హీటరు బుస ఒక్కటే.

బల్ల మీది ఫోను నుంచి అత్యవసర నంబరు 999కి చేశాను. అంబులెన్సు రావడానికి ఇరవై ఐదు నిమిషాలన్నారు. మిగతా బండ్లవాళ్లకి నాలుగడుగులు వేస్తేనే ఆయాసం. అక్కడ మనిషిని లాగగలిగినవాడు ఒక్కడే, ఆయన గుండెకి రెండు స్టెంట్లు. ఆమెకి కొవిడ్ ఐదో రోజు. ఇంతకన్నా చెడ్డ జోడీ నా సర్వీసులో చూడలేదు. డెక్లన్‌కి ఫోన్ చేసి విషయమంతా చెప్పాను, ఆయన ప్రాణానికి ఉన్న ప్రమాదంతో సహా. దానికి అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం ఆమెది అని తెలిసే ఖర్చుపెట్టాను. ఆయన ఏడో నంబరే కదా అని మాత్రం అడిగాడు. మాస్కు వేసుకోండి, లోపలికి అడుగు పెట్టకండి, ఊపిరి బిగబట్టి తలుపు దగ్గర నుంచే లాగండి అన్నాను.

ఆయన ఫోను కట్ చేయకుండానే జేబులో వేసుకున్నాడు. కంకర మీద బూట్ల చప్పుడు. ఆయన ఆయాసం. తలుపు గోడకి కొట్టుకున్న శబ్దం. తర్వాత గాలి హోరు. నేను ఫారంలో ఆ రోజు తేదీ మీద మళ్లీ మళ్లీ దిద్దుతూ కూర్చున్నాను. చివరికి డెక్లన్ గొంతు. అమ్మాయి గడ్డి మీద ఉంది, ఏదో అంటోంది, తనకి అర్థం కావడం లేదు, నన్ను వినమన్నాడు.

“ఆయన్ని దూరంగా పొమ్మనండి బ్రదర్,” అంది ప్రసన్న. “నాకు కొవిడ్.”

ఆసుపత్రిలో రక్త పరీక్ష చేస్తే, ఆక్సిజన్ ఉండాల్సిన చోటులో పావు వంతు కార్బన్ మోనాక్సైడే. పూర్తి ఆక్సిజన్ పెట్టారు. తేరుకుంది. పది రోజులూ నిండాకే టాలట్‌లో ఇంటికి వెళ్లింది. డెక్లన్ పద్నాలుగు రోజులు ఇంట్లోంచి కదలకూడదన్నారు. ఆయన పేరూ నా ఫోన్ల జాబితాలోనే చేరింది. జబ్బు రాలేదు.

ప్రతి బండి కప్పుకీ ఆ గ్యాసుని పసిగట్టే అలారం ఉంది. ఏడో నంబరు అలారంలో బ్యాటరీలు లేవు. ఎవరో వేసవి అతిథి టీవీ రిమోటులోకి మార్చుకున్నట్టున్నారు. బండ్లు అప్పగించేటప్పుడు నేను చూసుకున్న జాబితాలో కెటిల్ ఉంది, శానిటైజర్ ఉంది, అలారం లేదు. నివేదికలో కారణం అన్న చోట నా పేరు రాశాను. మా మేనేజరు దాన్ని కొట్టేసి వ్యవస్థాగత లోపం అని రాయమన్నారు. కింద వ్యవస్థ చేత సంతకం చేయిస్తే అలాగే రాస్తానన్నాను.

ఆ సాయంత్రమే మిగతా పదకొండు మందికీ ఫోన్ చేసి బెజ్జాల సంగతి అడిగాను. ముగ్గురు మూశారు. ఒకరు గాలికి, ఒకరు ఎలుకల భయానికి, ఒక మలయాళీ నర్సు చేపల వేపుడు వాసనకి. మర్నాటికి గ్యాసు హీటర్లన్నీ తీయించాం.

రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన నర్సులకి నేను చెప్పింది ఒకటే. ఎదుటివాళ్లకి ఇబ్బంది కలగకూడదని రోగి చేసుకున్న ఏర్పాట్లని రోగి ఎప్పుడూ లక్షణాల్లో చెప్పరు. వాళ్ల దృష్టిలో అది మర్యాద, జబ్బు కాదు. కాబట్టి మనమే అడగాలి. ఎలా ఉందని అడిగితే బాగుందంటారు. ఏం వండుకున్నారని అడిగితే అసలు సంగతి చెబుతారు.