గీతలమ్మ పట్టుకున్న గెలాక్సీ

గీతలమ్మకి అసలు పేరు ఒకటుంది. జీతం కాగితం మీద తప్ప అది ఎక్కడా పనిచేయదు. ఇరవై రెండేళ్ళుగా పరిశోధన సంస్థ రెండో అంతస్తులో, మెట్ల పక్క గదిలో కూర్చుని కంప్యూటర్ తెర మీద వంకర గీతలు చూడటమే ఆవిడ ఉద్యోగం. ఆ గీతల మీద పేపర్లు రాసినవాళ్ళు ప్రొఫెసర్లయ్యారు. ఆవిడ పేరు మాత్రం పేపరు చివర్లో, కృతజ్ఞతలు అన్నచోట, ప్రింటరు బాగుచేసినాయన పేరు పక్కన ఉండేది.

ఆ పనేమిటో అత్తగారికి ఒకసారి చెప్పింది.

"క్వేజార్ అంటే ఎక్కడో దూరాన వెలిగే దీపం అత్తయ్యా. ఆ వెలుగు మన దాకా వచ్చేలోపు దారిలో ఏదో గెలాక్సీ అడ్డొస్తుంది. దాన్లోని దుమ్మూ వాయువూ కొన్ని రంగుల్ని మింగేస్తాయి. ఏ రంగు ఎంత తగ్గిందో చూసి అక్కడేముందో చెప్తాను."

"అంటే గిన్నెలో తగ్గిన పాలు చూసి పిల్లి ఎంత లావుందో చెప్తావన్నమాట. దానికింత చదువెందుకే?"

ఇంతకంటే బాగా ఏ ప్రొఫెసరూ చెప్పలేదని గీతలమ్మ అభిప్రాయం.

చివరికి ఆవిడకీ ఒక రోజొచ్చింది. ఒక క్వేజార్ వెలుగు గీతలో, ఎరుపు దాటిన కొసన, పక్కపక్కనే రెండు గుంటలు కనబడ్డాయి. లెక్క కడితే పన్నెండు వందల కోట్ల ఏళ్ళ కిందటి గెలాక్సీలో మెగ్నీషియం తేలింది. ఆవిడ పైనున్న ప్రొఫెసరు ఎగిరి గంతేశాడు. పేపరు మీద మొదటి పేరు ఆవిడదే పెడతానన్నాడు, పెట్టాడు కూడా. తనది రెండోది. శుక్రవారం అచ్చవుతుందని తెలిసి అత్తగారు వీధి వీధంతా టముకు వేసొచ్చింది.

బుధవారం మధ్యాహ్నం, ఏమీ తోచక, గీతలమ్మ ఆకాశంలో ఇంకో మూలనున్న క్వేజార్‌ని తెరిచింది. అవే గుంటలు. సరిగ్గా అక్కడే.

రెండు దిక్కుల్లో ఒకే గెలాక్సీ ఉండదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది మన గాలి. గాల్లోని నీటి ఆవిరి కూడా వెలుగును తింటుంది. అందుకే క్వేజార్‌ని చూసిన రాత్రే పక్కనున్న మామూలు నక్షత్రాన్నీ చూసి, మన గాలి తిన్న వాటా ఎంతో కొలిచి తీసేస్తారు. గీతలమ్మ ఉక్కగా ఉన్న రాత్రి చూసిన ఆ రెండు క్వేజార్లకీ, పొడిగా ఉన్న ముందురాత్రి నక్షత్రాన్ని వాడింది. ఫైళ్ళ పేర్లలో ఒక్క అంకె తేడా. తీసేయగా మిగిలిపోయిన ఆవిరి గుర్తే గెలాక్సీ అయి కూర్చుంది.

వెళ్ళి ప్రొఫెసరుకి చెప్పింది. ఆయన లేచి తలుపు మూశాడు.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"మీకూ నాకూ."

"అయితే తొందరేముందమ్మా? అచ్చు కానివ్వండి. ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాం. అంత దూరం వెళ్ళి చూసొచ్చేదెవరు?"

గీతలమ్మకి ఆశ పుట్టలేదంటే అబద్ధం. వడ్డించిన విస్తరి ముందునుంచి లేవమంటే ఎవరికి మనసొప్పుతుంది? అందులోనూ ఇరవై రెండేళ్ళ ఆకలి.

"ఎవరూ వెళ్ళక్కర్లేదు సార్. నాకు తెలుసు కదా."

ఆయన నిట్టూర్చి, రెండు నిమిషాల్లో పత్రికకి ఉత్తరం కొట్టి తెర ఇటు తిప్పాడు. "పొరపాటు జరిగినందున ఈ పేపరును వెనక్కి తీసుకుంటున్నాను." కింద ఒక్క పేరే ఉంది, ఆవిడది.

"తప్పు కనిపెట్టింది మీరేగా. ఆ గౌరవం మీకే దక్కాలి," అన్నాడు.

గీతలమ్మకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఏడుపుదే పైచేయి అయింది. అయినా కుర్చీ లాక్కుని, ఆ ఒక్క వాక్యం చెరిపేసి, ఏ రాత్రి క్వేజార్‌కి ఏ రాత్రి నక్షత్రం వాడిందో, గుంటలెందుకు మిగిలాయో, ఇలాంటి దొంగ గెలాక్సీని ఎలా పట్టుకోవాలో పేజీన్నర రాసింది. ప్రొఫెసరు వెనక నిలబడి చదువుతూ చదువుతూ ముందుకు వంగాడు.

"ఇది భలే ఉందే! అందరికీ పనికొస్తుంది. పేపరుగానే వేద్దాం, మనిద్దరి పేర్ల..."

ఆయన మాట పూర్తయ్యేలోపు గీతలమ్మ దాన్ని పంపేసింది, ఒక్క పేరుతోనే.