ముప్పయ్యేడో నంబరు

విజయనగరంలో డిగ్రీ చదివిన రోజుల్లో, ప్రతి నెలా మొదటి ఆదివారం నన్ను చూడడానికి ఒక పెద్దమనిషి వచ్చేవారు. ఆయన నాకు బంధువు కారు. పాతపట్నంలో వాళ్ళ కుటుంబానికి తరాలుగా ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉంది. రెండు బస్సులు మారి పదకొండు గంటల వేళకు చేరుకుని, మా హాస్టల్ వరండాలో బల్ల మీద కూర్చునేవారు. నేను మెట్లు దిగి రాగానే లేచి నిలబడేవారు.

"తిన్నావేటమ్మా?"

"తిన్నానండీ."

"కాలేజీకి ఎల్తన్నావా?"

"వెళ్తున్నానండీ."

అంతటితో సంభాషణ ముగిసేది. మార్కులు అడిగేవారు కాదు, హితబోధ చేసేవారు కాదు. నన్ను ఒకసారి నిదానంగా చూసి, జేబులోంచి ఫోను తీసి, ఎవరికో నా ఎదుటే చెప్పేవారు: "సూసేన్రా. ఉన్నాది." ఆ వెంటనే వచ్చిన దారినే బస్టాండుకు నడిచి వెళ్ళిపోయేవారు.

ఆయన ముప్పై ఏళ్ళ కిందట మా కాలేజీలోనే బీకాం చదివారు. ఆ తరగతి వాళ్ళు యాభయ్యో ఏట పడ్డాక తలా కొంత వేసి ఒక నిధి ఏర్పాటు చేసుకున్నారు. ఏటా ముగ్గురు విద్యార్థుల ఫీజు, హాస్టలు ఖర్చు దానిలోంచి వచ్చేవి. నేను రెండో సంవత్సరంలో ఉండగా తుఫానుకు మా వరి మొత్తం నేలకు ఒరిగి నీళ్ళలో మొలకెత్తింది. ఆమదాలవలస దగ్గరి మా ఊళ్ళో ఆ ఏడు నూర్చడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు ప్రిన్సిపాల్ గారు పిలిచి ఈ స్కాలర్‌షిప్ సంగతి చెప్పారు. దరఖాస్తు లేదు, ఫోటో లేదు, వేదిక మీద చెక్కు అందుకోవడం లేదు. షరతు ఒక్కటే. నెలకొకసారి ఆ తరగతి వాళ్ళలో ఒకరు వచ్చి చూసి వెళ్తారు.

ఆ షరతు నాకు ముల్లులా ఉండేది. నేను కాలేజీ చర్చాపోటీల జట్టులో ఉండేదాన్ని. ఏ మాటనైనా రెండు వైపులా తిప్పి చూడకుండా ఒప్పుకోకూడదని అక్కడ నేర్చుకున్నాను. సంతలో పశువును చూసినట్టు చూసి, "ఉన్నాది" అని కబురు పంపడం ఏ గౌరవం కిందికి వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. గదిలో నాతో ఉండే స్నేహితురాలికి అదంతా వినోదం.

"ఒసే, నీ పెళ్ళిచూపులోలు వచ్చేరే! జడేసుకుని దిగు," అని కిటికీలోంచి అరిచేది.

"నోరు ముయ్యవే, వింటారు."

"ఇంటే ఇననీ. ఇన్నిసార్లు సూసేరు, నచ్చేవో నేదో ఒక్కసారీ సెప్పరేటే?"

నవ్వేదాన్ని గానీ, నవ్విన ప్రతిసారీ ఆ ముల్లు మరికాస్త లోపలికి దిగేది.

మూడో సంవత్సరం డిసెంబరు చివర ఆ తరగతి వాళ్ళ పునస్సమ్మేళనం జరిగింది. మా ముగ్గురినీ రమ్మన్నారు, వీలైతే నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నేను నాలుగు మాటలకు బదులు ఒక వాదం సిద్ధం చేసుకున్నాను. సరైన సమాధానం రాకపోతే స్కాలర్‌షిప్ వదులుకుంటానని నాలో నేను నిశ్చయించుకున్నాను. వదులుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. మార్చి పరీక్షలకు మూడు నెలల ముందు హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి వెళ్ళాలి. మా ఊరి నుంచి స్టేషనుకూ, అక్కణ్ణుంచి విజయనగరానికీ రోజూ వచ్చి వెళ్ళడం జరిగే పని కాదు. డిగ్రీ అక్కడితో ఆగిపోతుంది. ఆ రాత్రే నాన్నకు ఫోను చేసి చెప్పాను.

"అడగాలనిపిస్తే అడుగు. నాను ఒద్దనను," అన్నారు నాన్న. "అయితే అడిగీసినాక ఏటొచ్చినా ఏడవకూడదు. అదీ ఇప్పుడే అనుకో."

సమ్మేళనం నాటి ఉదయం హాలులోకి అడుగుపెడుతూనే నేను సిద్ధం చేసుకున్న గంభీరత కొంత సడలిపోయింది. జుట్టు నెరిసిన మనుషులు అరవైమంది దాకా, చొక్కాలకు, చీరలకు పాత హాజరు నంబర్లు పిన్నులతో గుచ్చుకుని, చిన్నపిల్లల్లా బెంచీల కోసం పోట్లాడుకుంటున్నారు.

"ఒరే, లెగు. ఆ బెంచీ నాది."

"నీదని రాసున్నాదేటి?"

"రాసే ఉన్నాదిరా గుడ్డోడా! బ్లేడుతో నానే సెక్కేను. ఇదిగో, సూడు."

అందరూ వెళ్ళి వంగి చూశారు. నిజంగానే ఉంది. రంగు మీద రంగు వేసినా ఆ గీతలు పూడలేదు. ఆక్రమించినవాడు లేచి దండం పెట్టి పక్కకు జరిగాడు.

ఇంతలో వాళ్ళ అర్థశాస్త్రం మాస్టారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి. చంకలో వార్తాపత్రిక అట్ట వేసిన రిజిస్టరు. ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళజోడు సవరించుకోగానే గోల మొత్తం ఒక్కసారిగా ఆగిపోయింది. ప్రతి సమ్మేళనంలోనూ ముందు హాజరు పిలవాలి, ఆ తర్వాతే మరేదైనా. అది వాళ్ళ ఆచారం.

"ఒకటి."

"ప్రెజెంట్ సార్!"

"రెండు."

బ్యాంకు మేనేజర్లు, రైతులు, బడి హెడ్‌మిస్ట్రెస్‌లు, షావుకార్లు లేచి నిలబడి పలుకుతున్నారు. కొన్ని నంబర్లకు పక్కవాళ్ళు లేచి, "పోనాడు సార్," అని తలవంచుకుంటున్నారు. మాస్టారు అక్కడ కాసేపు ఆగి, తర్వాతి నంబరుకు వెళ్తున్నారు.

"ముప్పయ్యేడు."

ఎవరూ పలకలేదు. పోయాడని కూడా ఎవరూ చెప్పలేదు. మూడో వరుసలో కిటికీ పక్క స్థలం ఖాళీగా ఉంది. అంత పోట్లాటలోనూ దానిలో ఎవరూ కూర్చోలేదని అప్పుడు గమనించాను.

"ముప్పయ్యేడు," మాస్టారు మళ్ళీ పిలిచారు. మూడోసారి కూడా పిలిచి, రిజిస్టరులోంచి తలెత్తి, ఒక్కొక్క ముఖమూ చూస్తూ అడిగారు: "ఎవరైనా ప్రాక్సీ చెప్తారా?"

"నేదు సార్," అన్నారు అరవైమందీ ఒకే గొంతుతో.

అది దేనికో నాకు తెలియలేదు. కాసేపట్లో నన్ను మాట్లాడమన్నారు. సిద్ధం చేసుకున్న వాదాన్ని విడిచిపెట్టడానికి కారణమేదీ కనబడక, దాన్నే చెప్పాను.

"మీ సహాయానికి నేను కృతజ్ఞురాలిని. అయినా ఒక ప్రశ్న అడగకుండా దాన్ని తీసుకోలేను. మీరు మా మీద నమ్మకంతో ఇస్తున్నారా, అనుమానంతో ఇస్తున్నారా? నమ్మకమే అయితే నెలనెలా మనిషిని పంపి చూడడం ఎందుకు? అనుమానమే అయితే ఇవ్వడం ఎందుకు? మేము ఉన్నామో లేదో కాలేజీ హాజరు పట్టీ చూస్తే తెలియదా? దీనికి సమాధానం లేకపోతే ఈ రోజు నుంచి ఈ స్కాలర్‌షిప్ వదులుకుంటాను."

చర్చాపోటీల్లో ఇలాంటి ముగింపుకు చప్పట్లు పడతాయి. ఇక్కడ ఒక్క చెయ్యీ కదల్లేదు. హాజరు పట్టీ అన్న మాట దగ్గర మాస్టారు కళ్ళు మూసుకున్నారు. రెండో వరుసలోంచి పాతపట్నం పెద్దమనిషి లేచారు.

"పట్టీ సూస్తే తెల్దమ్మా," అన్నారు. "మాకు తెల్దని తేలిపోనాది. కూకో, సెప్తాను."

నేను కూర్చున్నాను. ఆయన నిలబడే చెప్పారు.

"ముప్పయ్యేడో నంబరోడు ఆమదాలవలస రైసుమిల్లులో పొద్దుటేల పని సేసి, రైలెక్కి వచ్చీవోడు. మొదటి పీరియడు అందీవోడు కాదు. మాస్టారికో అలవాటు. ఎవుడైనా మూడ్రోజులు రాకపోతే ఇంటికి పోస్టుకార్డు రాసీవారు. ఆ కార్డు ఎల్తే ఆళ్ళ నాన్న సదువు మానిపించీస్తాడని ఆడి భయం. అందుకని ఆడి నంబరుకి నాను పలికీవోణ్ణి. ఆడి గొంతు నాకు బాగా వచ్చు. క్లాసంతా నవ్వీది. రెండో ఏడు దసరా సెలవులయ్యేక ఆడు అస్సలు రానేదు. మిల్లులో పనెక్కువైపోయుంటాదనుకున్నాం. నాను పలుకుతూనే ఉన్నాను. అన్ని పీరియడ్లకీ పలికేను. మార్చిలో హాల్టిక్కెట్లు ఇచ్చేరు. ఆడి నంబరొక్కదానికీ టిక్కెట్టు రానేదు."

అవి ఇన్నేళ్ళుగా ఆయన తనకు తాను చెప్పుకుంటూ వచ్చిన మాటల్లా వరుసగా వచ్చాయి.

"అప్పుడు పరిగెట్టేం ఆళ్ళ ఊరు. ఇల్లు తాళమేసున్నాది. ఫీజు కట్టలేక దసరాకే మానీసేడంట. ఇంటిల్లిపాదీ పనికి వలసెల్లిపోనారు. ఏ దేశమెల్లేరో ఎవులికీ తెల్దు. నాటి నుంచీ ఎతుకుతున్నాం. ఇంకా దొరకనేదు."

మాస్టారు కళ్ళు తెరవకుండానే అన్నారు: "నా సొరుగులో ఎప్పుడూ కార్డులు ఉండేవమ్మా. ఒక్క కార్డు రాస్తే సరిపోయేది. ఫీజు సంగతే అయితే నేను చూసుకునేవాణ్ణి. కానీ నా రిజిస్టరులో వాడు పరీక్షల దాకా ఒక్క రోజు కూడా మానలేదు."

ఒక తరగతి మొత్తం కలిసి, ప్రేమతో చేసిన పొరపాటు అది. ఎవరూ వాళ్ళను నిలదీయలేదు, శిక్షించలేదు. అయినా వాళ్ళు దాన్ని మరిచిపోవడానికి ఒప్పుకోలేదు. పొరపాటు ఎక్కడ జరిగిందో సరిగ్గా అక్కడే ఒక నియమం పెట్టుకుని, రెండు బస్సులు మారి, ఎండలో వానలో దాన్ని పాటిస్తున్నారు. అలాంటి మనుషుల ఎదుట నిలబడి ఉన్నానన్న ఎరుక నన్ను నిలువునా ముంచేసింది.

అయితే నా ప్రశ్నలో కొంత ఇంకా మిగిలే ఉంది. దాన్ని దాచుకోవడం వాళ్ళకు చేసే మర్యాద కాదనిపించి లేచాను.

"నాకు సమాధానం దొరికింది. కానీ ఈ మాట మాకు మొదటి రోజే చెప్పి ఉండాల్సింది."

"ఎలగ సెప్తామమ్మా?" అన్నారాయన. "ఇచ్చీసి, ఇది మా తప్పు దిద్దుకోడానికని సెప్పుకోడానికి సిగ్గు కాదేటి?"

"ఆ పిల్ల అడిగింది రైటే," అన్నారు ముందు వరుసలోంచి ఒక హెడ్‌మిస్ట్రెస్ గారు. "నీ సిగ్గు నువ్వు దాసుకున్నావు. ఆ సిగ్గు ఇన్నాళ్ళు ఆ పిల్లలు మొయ్యాలేటి? ఇకనుంచి ముందే సెప్పీసి ఇద్దాం." ఎవరూ కాదనలేదు.

పెద్దమనిషి నా వైపు చూశారు. "మరైతే ఉంచుకుంటావా?"

"ఉంచుకుంటానండీ."

"హమ్మయ్య. బూరెలు సల్లారిపోతన్నాయి, పదండర్రా," అని వెనకనుంచి ఎవరో అన్నారు. మళ్ళీ గోల మొదలైంది.

ఇంత విన్నదాన్ని, జనవరి మొదటి ఆదివారం సంగతే మరిచిపోయాను. ఆ ఏడు మా వరి బాగా పండింది. కళ్ళంలో నూర్పులకు మనుషులు చాలరంటే శనివారమే రైలెక్కి ఊరికి వెళ్ళాను. మర్నాడు మా గడ్డివాము పక్కన ఉండగా స్నేహితురాలి ఫోను వచ్చింది.

"ఒసే, మీ షావుకారుగారు వచ్చేరు. ఊరెల్లింది, బాగానే ఉన్నాదని సెప్పేను. ఇనరేటే? నీతో మాటాడతారంట."

ఫోను ఆయన చేతికి మారింది. "క్షమించండి, మరిచిపోయాను. ఇంటి దగ్గరే ఉన్నానండీ. అంతా బాగానే ఉంది. మీరు మళ్ళీ ఇంత దూరం రావద్దు," అన్నాను.

"గొంతు ఇన్నానమ్మా," అన్నారాయన శాంతంగా. "గొంతుతోటే మోసపోనాం మేం. మీ ఊరికి స్టేషన్లో దిగి ఎటెల్లాలో సెప్పు."

మధ్యాహ్నం రెండు దాటాక, దూరంగా గట్టు మీద తెల్లచొక్కా కనబడింది. గట్టు తడిగా ఉండడంతో చెప్పులు చేత్తో పట్టుకుని, అడుగు చూసుకుంటూ నడుస్తున్నారు. నాన్న నూర్చడం ఆపి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఎవులమ్మా అది?"

"నన్ను చూడడానికి వస్తున్నారు నాన్నా."

నాన్న తలపాగా విప్పి, దానితో నులకమంచం మీది ధూళి దులిపి, నీళ్ళచెంబు తేవడానికి వెళ్ళారు.

నేను మాత్రం ఎదురు పరిగెత్తలేదు. ధాన్యం రాశి పక్కన, ఆయనకు బాగా కనబడే చోట, ఎండలో నిటారుగా నిలబడ్డాను. ఆయన గట్టు మీదే ఆగి, చెప్పులు కింద పెట్టి, నన్ను చాలాసేపు చూశారు. ఆ తర్వాత జేబులోంచి ఫోను తీశారు.

ఆయన ఏమన్నారో అంత దూరానికి వినబడలేదు. వినబడాల్సిన అవసరమూ లేదు.