పనిచేసే కొనకు బొట్టు

ఆరో తరగతిలో నేను బడి వదిలేశాను. బడి ఊపిరి పీల్చుకుంది. తర్వాత మేస్త్రీనై, మేస్త్రీల మీద మేస్త్రీనై ఎన్నో కల్వర్టులు కట్టాను గానీ, పక్కన బోర్డు మీద పేరు మాత్రం ఎప్పుడూ ఇంకో కాంట్రాక్టరుదే. పోయిన ఏడు మొదటిసారి నా పేరుతో కాంట్రాక్టరు లైసెన్సు వచ్చింది. పెనుకొండలో మా ఇంటికి కాస్త దూరంలో, వానొస్తే పారే వంక మీద చిన్న కల్వర్టుకు టెండరు పిలిచారు. విజయదశమి మరునాటి సాయంత్రం గడువు. అది వేస్తేనే నేను కాంట్రాక్టరుని, లేకపోతే మళ్లీ మేస్త్రీనే.

ఇప్పుడు టెండర్లన్నీ కంప్యూటర్లోనే కదా, సంతకమూ అందులోనే. అందుకోసం ధర్మవరంలో ఒకాయన నాకు ఒక టోకెన్ ఇప్పించాడు. చూడ్డానికి పెన్‌డ్రైవే. లోపల ఒక చిప్పు, ఆ చిప్పులో నా సంతకానికి తాళంచెవి. దాన్ని మా అవ్వకు చూపించి, గడ్డపార కంటే, తాపీ కంటే ఇకమీదట ఇదే నా పెద్ద పనిముట్టని గొప్పలు పోయాను.

అవ్వ ఆ మాట మనసులో పెట్టుకుంది. విజయదశమి నాడు ఆయుధపూజకు తాపీ, పార, గడ్డపారల సరసన టోకెన్‌కు ప్రత్యేకంగా పీట వేసింది. బండి టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాం. టోకెన్‌కు చక్రాలు లేవు గనక ఆ గండం తప్పింది. పూజలో పెట్టిన పనిముట్టును మరునాటి పొద్దు దాకా కదిలించకూడదు. నేనూ బుద్ధిగా దాని జోలికి పోలేదు.

గడువు రోజు పొద్దున తీసి చూస్తే మూత లేదు. కంప్యూటర్లో గుచ్చే మూతి నిండా పసుపు ముద్ద, దాని మీద కుంకుమ.

"ఏందవ్వా ఇది?" అన్నాను.

"పనిచేసే కొనకే కదరా బొట్టు పెట్టేది. గడ్డపారకు మొన, తాపీకి అంచు. దీనికి కొన యాడుండాదో తెలీక మూత పెరికి ఎతికి పెట్టినా."

అక్షరాలా అదే పనిచేసే కొన.

పైపైన తుడిచి, బండి మీద హిందూపురం పరుగెత్తాను. అక్కడ కంప్యూటర్ సెంటర్ నడిపే స్నేహితుడు టోకెన్‌ను వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏమప్పా, దీనికి పెండ్లి చేసి తెచ్చినావా?"

కంప్యూటర్లో గుచ్చితే టోకెన్ మీది దీపం వెలగలేదు. కొళాయి కింద కడుగుతానని లేచాను. నా చేతిలోంచి లాక్కుని దాచేశాడు. అయితే ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టమన్నాను.

"ఆ తాళంచెవి బయటికి రాదబ్బా. చిప్పులోనే పుట్టింది, ఆడే ఉంటాది. నువ్వడిగినా ఇయ్యదు, నేనడిగినా ఇయ్యదు. కాగితం లోపలికి పంపితే సంతకం పెట్టి బయటికి తోస్తాది, అంతే."

అప్పుడర్థమైంది. లోపల ఎవరో గడియ పెట్టుకుని కూర్చున్నారు. కిటికీలోంచి చెయ్యి మాత్రం బయటికి వస్తుంది. ఇప్పుడు ఆ కిటికీకి మా అవ్వ పసుపు మెత్తింది.

ధర్మవరం ఆయనకు ఫోన్ చేస్తే, కొత్త టోకెన్‌కు మళ్లీ వీడియోలో ముఖం చూపించాలని, ఎంత లేదన్నా రెండు రోజులని చెప్పి, పండగ శుభాకాంక్షలు కూడా చెప్పాడు. ఆ శుభాకాంక్షలు నాకు వంటబట్టలేదు.

చివరికి స్నేహితుడు పక్కనున్న ఫోన్ల రిపేరు కొట్టు నుంచి స్పిరిట్ అడిగి తెచ్చాడు. పళ్లు తోమే కొత్త బ్రష్షు నేను కొనుక్కొచ్చాను. చంటిబిడ్డకు చెవి శుభ్రం చేసినంత నెమ్మదిగా తోమాడు. పసుపు వదిలింది, కుంకుమ వదిలింది, నడుమ ఎక్కడో సాంబ్రాణి వాసన వచ్చింది. బాగా ఆరాక గుచ్చాడు.

దీపం వెలిగింది.

స్నేహితుడు నా టెండరు కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇక టోకెన్ పాస్‌వర్డు. వరసగా తప్పు కొడితే టోకెన్ తనంతట తాను మూసుకుపోతుందట, ఇక ఎవరు బతిమాలినా తెరవదట. స్నేహితుడు మర్యాదగా గోడవైపు తిరిగాడు. నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక్కో మీట నొక్కే ముందు దానికి మనసులో దండం పెట్టుకుంటూ కొట్టాను. తెర మీద ఒక చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది.

"పడిందప్పా, నీ సంతకం," అన్నాడు.

తెర మీద నా పేరు, దాని కింద టెండరు అందినట్టు నంబరు. బడిలో రాసినప్పుడు కూడా నా పేరు ఇంత తిన్నగా ఎన్నడూ రాలేదు. పని దక్కుతుందో లేదో తెలియదు గానీ, అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. కాళ్లు నేల మీద నిలవడం లేదు.

"ఇంగేమన్నా ఉంటే ఇయ్యప్పా, సంతకం పెడతా," అన్నాను.

"యాడ పెడతావు?"

"యాడైనా సరే. నీ కరెంటు బిల్లు మీద పెట్టేదా?"


అతను టోకెన్ పీకి, మూత బిగించి నా జేబులో వేసి, బజ్జీలు తిందాం పదమని నన్ను బయటికి నెట్టుకుపోయాడు.