కూర్చొని నడిచిన ఆరువేల అడుగులు

మా నాయన ఆళ్లగడ్డలో కిరాణా అంగడి గద్దె మీద కూర్చోబట్టి యాభై ఏండ్లు దాటింది. పోయిన చలికాలం స్నానాలగది గడప దగ్గర పడినాడు. ఎముక విరగలేదు. నేను నంద్యాలలో పంతులమ్మను. నాకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి పిలుచుకొచ్చినాను. ఆమె నాయనను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకొని ఐదుసార్లు లేవమనింది. నాయన రెండుసార్లు లేచి, మూడోసారికి కుర్చీని మెచ్చుకున్నాడు. "మంచి కుర్చీమ్మా. యాడ కొన్నారు?" అన్నాడు.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "తొడల్లో కండ కరిగిపోతోంది. నడిపించండి. లేకపోతే ఈసారి పడితే లేవడు," అని చెప్పింది.

అదే దినం పోయి ఒక చేతిగడియారం కొన్నాను. కట్టుకున్నోళ్ళు ఎన్ని అడుగులు వేసిందీ అది నా ఫోన్‌కు పంపిస్తుందంట. నాయన కుడిచేతికి నేనే కట్టినాను. "దినానికి ఆరువేలు రావాల. రాకపోతే అంగడికి తాళమేసి నిన్ను నంద్యాలకు పిలుచుకుపోతా, చూడు," అన్నాను. ఆ ఆరువేలు డాక్టరమ్మ చెప్పింది కాదు, నా సొంతం. పిల్లకాయలకు పాఠం చెప్పీ చెప్పీ నాకు లోకమంతా ఐదో తరగతిలాగే కనపడుతుంది.

నాయన గడియారాన్ని అటూ ఇటూ తిప్పి, "ముళ్ళు లేవే," అన్నాడు.

మొదటి వారం ఐదారు వందలు. ఫోన్ చేసి గట్టిగా అరిచినాను. రెండోవారం నుంచి చూడాల! మూడువేలు, నాలుగువేలు, పండగ ముందర ఏడువేలు. బడిలో అందరికీ ఫోన్ చూపించినాను. మా హెడ్మాస్టర్‌కు మోకాళ్ళ నొప్పులు. ఆయనకు రెండుసార్లు చూపించినాను.

మా తమ్ముడు దొర్నిపాడులో ఇంకో అంగడి చూసుకుంటాడు, పొద్దున పోతే చీకటి పడినాకే రావడం. అంగడి వెనకే ఇల్లు. ఇంట్లో నాయనతో ఉండేది మా మరదలు ఒకతే. ఆ పిల్ల ఒకసారి ఫోన్లో నసిగింది. "మామ బయటికి పోయినట్టు నేనైతే చూడలేదొదినా," అనింది.

"నువ్వు పొయ్యికాడ ఉంటావు, నీకేం కనపడుతుంది? గడియారం చేతికే ఉంది," అన్నాను.

మూడు నెలలైనాక నాయనను మళ్ళా డాక్టరమ్మ దగ్గరికి పిలుచుకొద్దామని ఆళ్లగడ్డకు పోయినాను. బస్సు దిగి అంగడికాడికి పోతే నాయన గద్దె మీద ఉన్నాడు. మా అంగట్లో ఇప్పటికీ కాగితం పొట్లాలే. పైన వేలాడే పురికొస ఉండ నుంచి దారం సర్రున లాగాల, పొట్లానికి అడ్డంగా నిలువుగా చుట్టాల, మెలేసి తెంపాల. ఆ పనిలో నాయన చెయ్యి ఆగదు. నేను బస్తా మీద కూర్చొని అలవాటుగా ఫోన్ తీసినాను. రెండువేల నూటపది. నాయన అరకిలో కందిబ్యాళ్ళు కట్టినాడు. రెండువేల నూటఇరవై. చక్కెర కట్టినాడు. మళ్ళా పెరిగింది. నాయన కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఫోన్లో మాత్రం నడుస్తాండాడు.

బేరం అయిపోయింది, అంగట్లో ఎవురూ లేరు. నాయన కట్టిపెట్టిన పొట్లం ఒకటి తీసి, దారం విప్పి, మళ్ళా కట్టినాడు.

"ఏంది నాయనా ఇది?"

"ఇంకా నాలుగువేలు కావాల గదమ్మా," అన్నాడు తల ఎత్తకుండా.

నాకు ఒళ్ళు మండింది. "నడువు అంటే పొట్లాలు కడతావా? లెయ్, లేచి నిలబడు!"

నాయన రెండు చేతులూ గద్దెకు ఆనించినాడు. లేవలేకపోయినాడు. మళ్ళా ఆనించినాడు. మరదలు ఎవురూ పిలవకుండానే లోపలినుంచి వచ్చి, చంక కింద చెయ్యేసి లేపింది. దినమూ చేసే పని చేసినట్టు చేసింది.

"కాళ్ళు రావడం లేదని నాకు చెప్పొచ్చు గదా!" అన్నాను.

"నువ్వు దీన్ని అడుగుతాంటివి," అని గడియారం చూపించినాడు నాయన. "నన్ను అడిగింటే చెప్పుంటి. నా అంతట నేనే చెప్తే అంగడికి తాళమేస్తావేమోనని గమ్మునుంటి."

సిగ్గుతో చచ్చిపోయినాను. మా నాయన కాళ్ళు పోతాంటే నేను మూడు నెలలు హెడ్మాస్టర్‌కు ఫోన్ చూపించుకుంటా కూర్చున్నాను. మరదలి చెయ్యి పట్టుకొని తప్పయిందన్నాను. "కాఫీ పెడతా వదినా," అని లోపలికి పోయింది.

గడియారం విప్పేసినాము. డాక్టరమ్మ ఈసారి నన్ను తిట్టింది. పప్పూ పెరుగూ ఎక్కువ పెట్టమనింది, పొద్దునా సాయంత్రం కుర్చీలోనుంచి లేపి కూర్చోబెట్టమనింది. "అంగడి ఉంటాదా?" అని నాయన అడిగినాడు. ఐదుసార్లు సొంతంగా లేస్తే ఉంటుందని ఆమె చెప్పింది.

అప్పటినుంచి దినమూ బడికి పోకముందు నేను వీడియోకాల్ చేస్తాను. మరదలు ఫోన్‌ను అంగట్లో చింతపండు డబ్బాకు ఆనించి, కుర్చీ వెనక నిలబడుతుంది. నాయన ధాన్యం కొలిచినట్టే లెక్కబెడతాడు. మా అంగళ్ళలో మొదటి కొలతకు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. అన్నీ మరదలి చేతిమీదే, వంగిన నడుముతోనే.

పోయిన సోమవారం నాయన చేతులు ఎదమీద కట్టుకున్నాడు. మరదలు చెయ్యి చాపితే "ఉండుమ్మా," అన్నాడు. ముందుకు వంగినాడు. తొడలు వణికినాయి. నాయన ముఖం ఫోన్లోనుంచి పైకి పోయింది, పంచె ఒకటే కనపడతాంది.

"లాభం," అని గొంతు వినపడింది. రెండు రాలేదు.

"ఏమైంది నాయనా? కండ్లు తిరుగుతాండాయా? కూర్చో!"

"గమ్మునుండమ్మా. పై అరలు చూస్తాండా. శానా దినాలైంది. దుమ్ము పట్టింది."